పెద్దయ్యాక వయొలిన్

కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చినవాడిగా ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులను చెబుతారు. తెలుగునాట దానికి తిరుగులేని గౌరవం తెచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరారు.

నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్లకు సరిపోయేది పూర్తి సైజు వాయిద్యం. నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలభాగాన్ని కుడి పాదం మీద ఆనిస్తారు. బరువు మోసే పని తప్పడంతో ఎడమ చెయ్యి గమకాలకు తేలిగ్గా జారుతుంది. మోకాళ్లు సహకరించనివారు ఆ సంగతి గురువుకు ముందే చెప్పాలి. నాలుగు తీగలనూ స, ప, స, పలకు శ్రుతి చేస్తారు.

అసలు కష్టం కమానుదే. రోజిన్ రాసిన కమాను బ్రిడ్జికి సమాంతరంగా, ఒకే ఒత్తిడితో నడవాలి. కాస్త పక్కకు జారినా కీచుమంటుంది. అందుకే మొదట్లో వేళ్లు పెట్టకుండా ఉత్త తీగల మీదే కమాను ఆడిస్తారు. వీణలా మెట్లుండవు కాబట్టి స్వరస్థానాన్ని చెవే వెతకాలి; వేలు వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. తంబురా శ్రుతి పెట్టుకుని మాయామాళవగౌళలో సరళీవరుసలు నిదానంగా సాధించాలి.

పిల్లల వేళ్లు త్వరగా వంగుతాయి, నిజమే. ఏళ్ల తరబడి పాట విన్న పెద్దల చెవి మాత్రం తప్పును వెంటనే పట్టేస్తుంది. అదే వారి బలం. వారానికోసారి గంటలకొద్దీ వాయించడం కన్నా రోజూ అరగంట మేలు.

హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ వైపు ఉండేవారికి నగరంలోనే, రాంకోటిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. వాయిద్యం కొనేముందు గురువును చూసుకోండి.