అన్నీ తగ్గిస్తాం... అదొక్కటి తప్ప!

నెల మొదట్లో రాసే సరుకుల చీటీ ఇంటి పరిస్థితికి అద్దం. డబ్బులు చాలనప్పుడు అందులో ఒక్కో పేరూ కొట్టేస్తూ పోతాం. కానీ ఎంత ఇబ్బందొచ్చినా పెన్ను ఆగిపోయే పేరు ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. ఎందుకంత పట్టుదల? దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు?

‘జీడిపప్పు తీసేయండి. నూనె ప్యాకెట్లు నాలుగు కాదు, మూడు చాలు. కందిపప్పు రెండు కిలోలు రాశాను కదా, ఒకటిన్నర చేయండి...’

కిరాణా కొట్టు ముందు నిలబడి ఓ ఇల్లాలు చీటీ సవరిస్తోంది. కొట్టాయన ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చి, ‘కాఫీపొడి అరకిలో ఉందమ్మా, పావు చేయమంటారా?’ అనడిగాడు. ‘అమ్మో, దాని జోలికి మాత్రం వెళ్లకండి’ అందామె. అనేసి, తనే నవ్వేసింది.

ఆ మాట అనని ఇల్లు ఉంటుందా? ఆమెకు కాఫీ, మరొకరికి గడ్డపెరుగు, ఇంకొకరికి వేడన్నంలోకి చెంచాడు నెయ్యి. పేరు మారుతుందంతే!

ఇంటికో పంతం

‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న సామెత గోదావరి జిల్లాలది. వరద నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే ఆ చేప ఒక్కోటి వేల రూపాయలు పలుకుతుంది. అందరూ కొనలేరు. అలాగని ఊరుకుంటారా? పులస కాకపోతే గుప్పెడు ఎండురొయ్యలైనా వంకాయలో పడాల్సిందే. సీమలో కూర లేకపోయినా సర్దుకుపోతారు కానీ, సంగటి పక్కన శనక్కాయల పచ్చడి లేకపోతే ముద్ద దిగదు. తెలంగాణలో వారమంతా పచ్చిపులుసుతో గడిపిన ఇంట్లోనూ ఆదివారం అరకిలో మటన్ కోసం చేతులు జేబులు వెతుక్కుంటాయి. కిలో కాస్తా అరకిలో అవుతుంది, అరకిలో పావుకిలో అవుతుంది. ఆదివారం మాత్రం ఆదివారమే!

అన్నం దగ్గరైతే ఈ పట్టుదల మరీ ఎక్కువ. 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపేసినప్పుడు అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. అక్కడ బియ్యమే దొరకదా అంటే దొరుకుతుంది. కానీ అది ‘మన బియ్యం’ కాదు కదా!

ఉచితమైనా వద్దన్నారు

ఉమ్మడి రాష్ట్రంలో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఎన్నో ఇళ్లలో రెండు పూటలా అన్నం కుండ పొయ్యెక్కడానికి అదో భరోసా అయ్యింది. 2023 జనవరి నుంచి రేషన్ బియ్యం పూర్తిగా ఉచితం. అయినా చాలా ఇళ్లలో ఏం జరిగేది? దొడ్డు బియ్యాన్ని వచ్చిన రేటుకు అమ్మేసి, ఆ పైన కొంత కలిపి సన్నబియ్యం తెచ్చుకునేవారు. ‘ఉచితంగా ఇస్తుంటే కూడా రుచులా?’ అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. తెలంగాణలో 2025 ఉగాది నాడు ప్రారంభించి, రేషన్ కార్డుపై మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. కడుపు నింపితే చాలదు, నాలుక మాట కూడా వినాలని తేలిందన్నమాట.

ఆర్థికవేత్తలూ ఈ సంగతి గమనించారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో 2011లో రాసిన ‘పూర్ ఎకనామిక్స్’ పుస్తకంలో దీన్ని వివరంగా చర్చించారు. పేదవారి చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తే, అవన్నీ ఇంకాస్త తిండికే పోవట, మరింత రుచైన తిండికీ పోతాయట. బతుకులో సంతోషాలు తక్కువైనప్పుడు నోటికి నచ్చిన ముద్ద చిన్న సుఖం కాదు మరి!

జాడీలో పొదుపు

బయటి నుంచి చూస్తే దుబారాగా కనిపించేదాంట్లో ఒక్కోసారి గొప్ప పొదుపు దాగుంటుంది. ఆవకాయనే తీసుకోండి. వేసవిలో ఒక్కసారిగా ఎంత ఖర్చు! కొత్తపల్లి కొబ్బరో చిన్నరసమో వెతకాలి. గుంటూరు కారం, ఆవాలు, నువ్వుల నూనె కొనాలి. అప్పుచేసి అయినా జాడీ నింపే ఇళ్లున్నాయి. కానీ ఆ జాడీ ఏడాది పొడుగునా కాపలా కాస్తుంది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరినప్పుడూ, 2023 జులైలో టమాటా వంద దాటి పరుగెత్తినప్పుడూ ఎన్నో ఇళ్లలో పూట గడిపింది ఆ జాడీయే. అన్నం, ఆవకాయ, కాస్త మజ్జిగ ఉంటే ఆ రోజుకి కూరగాయల సంచీ గోడకు వేలాడుతుంది.

రెండో డికాషన్

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ చీటీలో కొట్టేయని ఆ ఒక్క పేరు కోసం మరెక్కడో కోత పడుతుంది. ఎవరి కంచంలో?

నా చిన్నప్పుడు నాన్నకు జీతాలు సరిగ్గా అందని రోజులున్నాయి. పాలు తగ్గాయి, పండ్లు మానేశాం. కాఫీ మాత్రం ఆగలేదు. ఫిల్టర్లో దిగిన చిక్కటి మొదటి డికాషన్ నాన్నకూ, వచ్చిన చుట్టానికీ. అదే పొడిలో మళ్లీ వేడినీళ్లు పోస్తే దిగే పల్చటి రెండో డికాషన్ అమ్మది. ‘నాకిలాగే ఇష్టం’ అనేది. గుడ్డు వండిన రోజున ‘నాకు పడదు’ అనేది. అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నదేదో అన్నంలో కలుపుకునేది. మేం నమ్మేశాం.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం. కానీ ఐరన్ ఉన్న తిండి చాలినంత తినకపోవడం వాటిలో ముఖ్యమైనది. అందరి తర్వాత, మిగిలితేనే తినే అలవాటు ఉన్నచోట ఆ లోటు ముందుగా తగిలేది ఎవరికో వేరే చెప్పాలా?

కోతకూ ఓ పద్ధతి

అలాగని ఇష్టమైనదాన్ని వదులుకోనక్కర్లేదు. ఆ ఒక్కటీ లేకపోతే పొదుపు శిక్షలా అనిపిస్తుంది, నాలుగు రోజులకే విసుగొస్తుంది. కాకపోతే చీటీ రాసేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చోండి. ‘ఏం తగ్గిద్దాం?’ అన్నదానితోపాటు ‘ఎవరికి తగ్గుతోంది?’ అని కూడా అడగండి. ముందుగా గుడ్లు, పప్పు, పాలు, ఆకుకూరలు రాసి, ఆ తర్వాతే చిరుతిళ్లు, శీతల పానీయాల దగ్గర కత్తెర పెట్టండి. గుడ్లు తలకొకటి రాకపోతే పొరటు చేసి అందరికీ సమంగా వడ్డించండి. తోటకూర, మునగాకు, పల్లీలు, రాగులు ఖరీదైనవి కావు, బలానికి తక్కువా కావు. అన్నిటికన్నా ముఖ్యం... వండినావిడతో సహా అందరూ కలిసి ఒకేసారి కూర్చోవడం. దానికి పైసా ఖర్చు లేదు. ఏ గిన్నెలో ఎంత ఉందో, ఎవరి కంచంలో ఏం పడిందో అప్పుడు అందరికీ కనిపిస్తుంది.

మొన్న ఊరెళ్లినప్పుడు పొద్దున్నే నేనే లేచి కాఫీ కలిపాను. చిక్కటి మొదటి డికాషన్‌తో గ్లాసు నిండా అమ్మకిచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

‘ఇదేంటే, ఇంత చేదుగా ఉంది!’

ఎన్ని ఇబ్బందులొచ్చినా మా ఇంట్లో ఒక్క పూట కూడా ఆగని కాఫీ... దాని అసలు రుచి అమ్మకే తెలియదు.