పాత కారు పెళ్ళిచూపులు

"కారు కొంటాను" అంటే మా ఆవిడ సంతోషించింది. "పాతది" అన్నాను. "పోనీలెండి, సెకండుహ్యాండయితే మాత్రమేం?" అన్నది. "1959 నాటిది" అన్నాను. ఆ పూట నా కాఫీలో పంచదార పడలేదు.

దీని వెనక చిన్న కథ వున్నది. మా నాన్నగారు గుడివాడలో ఒక డాక్టరు గారి దగ్గర డ్రైవరు. ఆయన నడిపినది మొట్టమొదటి రకం అంబాసిడరు; మార్కు 1 అంటారే, అది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాలో, కలకత్తా దగ్గర ఉత్తరపారలో తయారైన బండి. రోజూ పొద్దున్నే నాన్నగారు దాన్ని తుడుస్తూ వుంటే నీళ్ళ చెంబు అందించడం నా ఉద్యోగం. డాక్టరు గారు పోయాక కారు ఎవరికో అమ్మేశారు. కొన్నాళ్ళకు నాన్నగారూ పోయారు. నేను రిటైరై నాలుగు డబ్బులు చేతికి వచ్చేసరికి మనసు మళ్ళీ ఆ కారు మీదికి పోయింది. 2014లో ఉత్తరపారలో అంబాసిడర్ల తయారీయే ఆగిపోయింది గనక, కావాలంటే పాతదే వెతుక్కోవాలి.

వెతగ్గా వెతగ్గా విజయవాడలో ఒకటి వున్నదని కబురు వచ్చింది. 1959 మార్కు 1, ఆపాదమస్తకం బాగుచేయించినది, తొమ్మిది లక్షలు. వెళ్ళి చూశాను గదా, మీగడ రంగు, అద్దంలా నిగనిగలు! జేబులో చెక్కు పుస్తకం కదిలింది. కాని, సంబంధం ఖాయం చేసుకునే ముందు పెద్దవాళ్ళు చూడాలి గదా అని ఆగాను. ఆటోనగర్లో నలభయ్యేళ్ళు పనిచేసిన మేస్త్రి ఒకాయన వున్నారు. మా నాన్నగారి స్నేహితుడు. నాకు చిన్నప్పటినించీ బాబాయే. మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకు వెళ్ళాను.

బాబాయి రంగు వంక కన్నెత్తి చూడలేదు. జేబులోంచి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీశాడు. మడ్‌గార్డు మీద పెడితే టక్కున అంటుకుంది. తలుపుల కింద గడపలా వుంటుందే, అక్కడ పెట్టాడు. జారి కింద పడింది.

"అబ్బాయ్, ఇక్కడ రేకు లేదు. లప్పం వుంది" అన్నాడు.

"కొంచెం టింకరింగు చేయిస్తే సరిపోదా బాబాయ్?"

"మడ్‌గార్డయితే విప్పి మార్చుకోవచ్చు. ఈ బండికి జీపుకున్నట్టు విడిగా చాసిస్ వుండదురా. బరువంతా మోసేది బాడీయే. గడప పుచ్చిందంటే ఇంటికి దూలం పుచ్చినట్టే."

తరువాత బానెట్టు ఎత్తించాడు. "ఆర్.సి. పుస్తకంలో ఇంజను నంబరు చదువు" అన్నాడు. నేను ఒక్కొక్క అంకె చదువుతూంటే ఆయన ఇంజను మీది నంబరు వేలితో తడిమాడు. రెండో అంకె దగ్గరే తేడా వచ్చింది. అసలు ఆ ఇంజనే వేరు. 1959 నాటి బండికి 1489 సి.సి. పెట్రోలు ఇంజను వుండాలి. ఇందులో వున్నది 1990లలో వచ్చిన ఇసుజు వారి 1800 సి.సి. ఇంజను. ఇంజను మార్చడం నేరమేమీ కాదు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారికి చూపించి పుస్తకంలో ఎక్కించాలి. ఎక్కించకపోతే రేపు కొన్నవాడికే తలనొప్పి. పైగా, అచ్చమైనది అని చెప్పే ధర దానికి రాదు.

చివరికి నంబరు పలక చూశాడు. పలక పాతదే. దాన్ని బిగించిన రివెట్లు మాత్రం మొన్న కొన్నట్టున్నాయి. ముందు జాలీ చుట్టూ కొత్త వెల్డింగు మచ్చలు. ఎక్కడో మూలపడ్డ మార్కు 1 పలకా, జాలీ, పుస్తకమూ తెచ్చి, తరువాతి కాలపు అంబాసిడరుకు తగిలించారన్నమాట. పైన పటారం, లోన లొటారం!

"విప్పినప్పుడు ఫోటోలేమైనా తీశారా?" అని అడిగాడు బాబాయి. అమ్మే ఆయన నీళ్ళు నమిలాడు. "మా దగ్గరికి వచ్చేసరికే బాడీ పని అయిపోయిందండీ. మిగతా వాటికి నేను ఆరు లక్షలు ఖర్చు పెట్టాను" అన్నాడు. ఆయన ముఖం చూస్తే అబద్ధం ఆడుతున్నట్టు లేదు. ఆయన్నీ ఎవరో ముంచారు.

"ఖర్చు వేరు, ఖరీదు వేరు బాబూ" అన్నాడు బాబాయి. ఈ మాట నేను రాసి పెట్టుకున్నాను. పాత కారుకు ధర కట్టేటప్పుడు ముందు కాగితాలు. తరువాత గడపలూ, అడుగు రేకులూ. ఆ తరువాత సొంత ఇంజను. ఆ పైన గడియారం, దీపాల అద్దాలు, క్రోమియం పట్టీలు వగైరా. ఇంజనైతే ఎవరైనా బాగుచేస్తారు. పోయిన పట్టీ దొరకాలంటే ఊళ్ళు తిరగాలి. రంగు అన్నిటికన్నా చివర. రేకు మీద పని చేసేటప్పుడు తీసిన ఫోటోలు వుంటే పది మాటల పెట్టు.

ప్రభుత్వమూ ఇదే చూస్తుంది. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి 50 ఏళ్ళు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు వుండకూడదు. కొత్తగా రిజిస్టరు చేయించడానికి 20,000 రూపాయలు. అదివరకే రిజిస్టరయిన బండి తన పాత నంబరు వుంచుకోవచ్చు. మేము చూసిన కారు ఆ గుమ్మం ఎక్కదు.

అయితే ఎన్ని భాగాలు మారితే కారు ఆ కారు కాకుండా పోతుంది? ఈ తగాదా 1990లో లండను హైకోర్టు దాకా వెళ్ళింది. 1929లోనూ 1930లోనూ లెమాన్స్ పందెం గెలిచిన బెంట్లీని కోటి పౌండ్లకు బేరం చేసినవారు, భాగాలు చాలా మారిపోయాయి, ఇది అసలుది కాదు పొమ్మన్నారు. భాగాలు మారినా దాని చరిత్ర ఎక్కడా తెగలేదు, కనక అదే కారని న్యాయమూర్తి తేల్చారు. మా మీగడ రంగు సుందరికి ఆ అదృష్టం లేదు. పేరు ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది, గుండె మరొకరిది.

"తిరగడానికి బండి మంచిదే. ఉన్నదున్నట్టు చెప్పి మూడు లక్షలకు అమ్ముకోండి" అని బాబాయి సలహా చెప్పాడు. ఆయనకు నచ్చలేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని సామెత వూరికే వచ్చిందా!

తిరిగి వస్తూంటే నాకింకా ఆశ చావలేదు. "చూడటానికి అచ్చం నాన్న కారు లాగే వుంది బాబాయ్" అన్నాను.

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. "మీ నాన్న పైన తుడవడమే నువ్వు చూశావు. నువ్వు బడికి పోయాక బండి కింద దూరి, తుప్పు పట్టకుండా గడపలకు పాత ఇంజనాయిలు పూసేవాడు. కనపడని చోట చేసిన పనిరా అది" అన్నాడు. మళ్ళీ చెక్కు పుస్తకం కదలలేదు.

ఎనిమిది నెలలకు తెనాలి వైపు ఒక పల్లెలో 1961 మార్కు 1 దొరికింది. రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగాయి. కాని మూడక్షరాల పాత నంబరు, సొంత ఇంజను, అయస్కాంతం అంటుకునే గడపలు. నాలుగున్నర లక్షలకు బేరం కుదిరింది. ఏ చిన్న పని చేయించినా ఫోటో తీసి దాస్తున్నాను.

మొన్న ఆదివారం నేను బండి కింద పడుకుని గడపలకు ఆయిలు పూస్తూంటే, ఎవరో డబ్బా ముందుకు జరిపారు. చూస్తే మా ఆవిడ. కాఫీ కూడా తెచ్చింది. పంచదార సరిపోయింది.