వెనక దీపానికి తిరుగుదారి

ఏప్రిల్ నుంచి జూన్ దాకా రెడ్డిగూడెం, నూజివీడు మామిడి తోటల్లో బంగినపల్లి, కలెక్టరు, రసాల కోతలు సాగుతాయి. ఆ కాయ విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కు చేరాలి. ఎండ తప్పించుకుని కదిలే బండ్లు చీకట్లో రోడ్డెక్కుతాయి. నిండు ట్రక్కును లాగుతున్న ట్రాక్టరు ముందు దీపాలు ఎంత వెలిగినా వెనక వచ్చేవాడికి ఉపయోగం లేదు; అతనికి కనబడాల్సింది ట్రక్కు చివరనున్న ఎర్ర దీపం. అది మసకబారితే బల్బు మారుస్తాం. కానీ లోపం చాలాసార్లు బల్బులో ఉండదు, తీగలో ఉంటుంది; అందులోనూ కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో ఉంటుంది.

లాగే బండి, వెనక బండి ఒకే సంకేతం ఇవ్వాలన్న అవసరంలోంచి పుట్టిందే ఏడు పిన్నుల సాకెట్. 12 వోల్టుల బండ్లకు ఐఎస్‌వో 1724 ప్రమాణం ఒక్కో పిన్నుకు ఒక్కో పని అప్పగించింది: ఎడమ, కుడి ఇండికేటర్లకు రెండు, వెనక దీపాలకు రెండు, బ్రేకుకు ఒకటి, పొగమంచు దీపానికి ఒకటి. మిగిలిన మూడో పిన్ను, తెల్ల తీగ, ఎర్త్. మిగతా ఆరింటి కరెంటూ తిరిగి వెళ్లేది దీని మీదుగానే. ఆ తెల్ల తీగ వేయకుండా ట్రక్కు ఇనుమునే ఎర్త్‌గా వాడితే, కరెంటు ట్రక్కు తగిలించే హుక్కు, దాని ఇనుప పిన్ను దాటి ట్రాక్టరుకు చేరాలి. అక్కడ తుప్పు, గ్రీజు, దుమ్ము ఉంటాయి. గతుకు వచ్చినప్పుడల్లా ఆ ఇనుము అంటుకుంటూ విడిపోతూ ఉంటుంది. దారి తెగినప్పుడు కరెంటు పక్క బల్బుల ఫిలమెంట్ల మీదుగా తిరుగుదారి వెతుక్కుంటుంది. ఇండికేటరు వేస్తే బ్రేకు దీపం మినుకుమనడానికి కారణం ఇదే.

తీగ మందం లెక్క కూడా చూడాలి. 21 వాట్ల బ్రేకు బల్బులు రెండింటికి 12 వోల్టుల దగ్గర 3.5 ఆంపియర్లు కావాలి. పోవడానికి 8 మీటర్లు, రావడానికి 8 మీటర్లు అనుకుంటే, 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ దాదాపు 2 వోల్టులు తినేస్తుంది. ఫిలమెంట్ వెలుగు వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి 10 వోల్టుల దగ్గర మిగిలేది సగానికి కాస్త పైన మాత్రమే. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం ముప్పావు వోల్టు లోపే ఉంటుంది.

ఎల్‌ఈడీ పెడితే సరిపోదా అని అడగవచ్చు. 1962లో నిక్ హొలోన్యాక్ చూపిన ఎర్ర ఎల్‌ఈడీ వారసులు కరెంటు తక్కువ తాగుతాయి, ఫిలమెంట్ కంటే సెకనులో అయిదో వంతు ముందే వెలుగుతాయి. అవి తీగలో నష్టాన్ని తగ్గిస్తాయి గానీ తెగిన ఎర్త్‌ను అతికించవు. అప్పుడు అసలే వెలగకపోవచ్చు. రేడియం స్టిక్కర్లు చాలవా? అవి తప్పక ఉండాలి. కానీ తమ మీద పడిన వెలుగునే తిప్పి పంపుతాయి; బ్రేకు వేశామని, మలుపు తిరుగుతున్నామని చెప్పలేవు. ట్రాక్టరు నెమ్మదిగానే పోతుంది కదా అన్నది మరో మాట. అసలు ప్రమాదం ఆ నెమ్మదిలోనే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం వెనక ఎర్ర దీపం 155 మీటర్ల నుంచి కనబడాలి. 20 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరు వెనక 60తో కారు వస్తే, ఆ దూరం డ్రైవరుకు సుమారు 14 సెకన్లు ఇస్తుంది. కారు 40 మీటర్ల దగ్గరికి వస్తేగానీ దీపం కనబడకపోతే దక్కేది నాలుగు సెకన్ల లోపే.

కొన్ని నెలల సీజన్‌కు ఇంత ఖర్చా అనే రైతుకు నా జవాబు: కొత్తగా కావాల్సింది కొన్ని మీటర్ల మందపాటి తీగ, చివరి దాకా విడిగా వేసిన ఎర్త్, బ్యాటరీ దగ్గర ఫ్యూజు, మూత ఉన్న సాకెట్. కోతలకు ముందే ట్రక్కు తగిలించి, బ్రేకు నొక్కి, వెనక బల్బు హోల్డరు దగ్గర మీటరు పెట్టి చూడాలి. అక్కడ బ్యాటరీ కంటే ఒక వోల్టుకు మించి తగ్గితే బల్బు కొనడం ఆపి, ముందు తెల్ల తీగను సరిచేయాలి.