యజమాని విదేశంలో - కారు పశువుల పాకలో

మోటారు వాహనాల చట్టం మీద వ్యాసమంటే లా చదివేవాళ్ళ పని గదా, బి.ఎస్సి. వాడికెందుకీ గొడవ అని మిత్రులు అడగవచ్చు. అడిగారు కూడా. మా పెదనాన్నగారి అబ్బాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండు వెళ్ళి రెండేళ్ళయింది. 2012లో కొని రిజిస్టరు చేయించిన స్విఫ్ట్ పెట్రోలు కారును మా నాన్నకు అప్పగించి వెళ్ళాడు. గేదెలను అమ్మేశాక ఖాళీ అయిన పాకలో ఒకవైపు ధాన్యం బస్తాలు, ఇంకోవైపు పిండి కట్టలు, మధ్యలో ఆ కారు. "నడపక్కర్లేదు బాబాయ్, కవరు కప్పి ఉంచు, చాలు" అన్నాడు అన్నయ్య. ఆ "చాలు" అన్న మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి నేను చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం. ఇంచుమించు ఊరికొక కుటుంబంలో ఇలా వదిలి వెళ్ళిన బండి ఒకటి ఉంటున్నది గనుక పదిమందికీ పనికిరావచ్చు.

మొదటి విషయం. పల్లెటూళ్ళో కారు ఊరికే నిలబడి ఉండదు. అర్ధరాత్రి ఎవరింట్లోనో ఆడపిల్లకు నొప్పులు వస్తాయి. పొలం గట్టు మీద ఎవరికో పాము కరుస్తుంది. అంబులెన్సు అప్పటికే ఇంకో ఊరికి వెళ్ళి ఉంటుంది. "మీ అబ్బాయి కారుంది గదా" అంటూ గుమ్మంలోకి వచ్చిన మనిషితో "కాగితాలు లేవండీ" అనడానికి ఎవరికి నోరొస్తుంది? బండి కదిలి తీరుతుంది. కాబట్టి నడపని బండికి కాగితాలెందుకు అనే ప్రశ్నే మా ఊళ్ళో చెల్లదు. ఆ రాత్రి ముందే తెలిసి రాదు గదా.

చట్టం చెప్పేదేమంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం బహిరంగ ప్రదేశంలో వాడే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండి తీరాలి. పాకలో తాళం వేసి ఉన్నంతసేపు ఎవరూ జరిమానా వేయరు. వీధిలోకి తీస్తే లెక్క వేరు. ఇంగ్లండులో అలా కాదట. అక్కడ 2011 నుండి బండి వాడకపోయినా ఇన్సూరెన్సు ఉండాలి, లేదా "ఈ బండిని రోడ్డెక్కించడం లేదు" అని ప్రభుత్వానికి ముందుగా తెలియజేయాలి. మనవైపు లైఫ్ టాక్సు కట్టేసిన సొంత కారుకు ఆ పద్ధతి లేదు.

ఇన్సూరెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ తరువాత కేంద్ర చట్టంలో మొదటిసారికి 2,000 రూపాయలు, మళ్ళీ దొరికితే 4,000 జరిమానా. మూడు నెలల వరకు జైలు కూడా వేయవచ్చు. అక్కడికక్కడే వసూలు చేసే రుసుము రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. అయితే భయపడవలసింది జరిమానాకు కాదు. ఇన్సూరెన్సు లేని బండి కింద మనిషి పోతే పరిహారం యజమానే చెల్లించాలి. చనిపోయినవాడి వయసు, సంపాదన, మీద ఆధారపడినవాళ్ళు - వీటిని లెక్కగట్టి ట్రిబ్యునలు నిర్ణయించే మొత్తం ముందు మా బోటి రైతు పొలం ఏపాటిది? స్టీరింగు పట్టుకున్నది ఒకరైనా రికార్డులో పేరున్నవాడు తప్పించుకోలేడు. ఇంగ్లండులో ఉన్నా సరే.

ఇక్కడ చాలామంది ఒక పొదుపు చేస్తారు. "బండి ఊరికే ఉందిగా, ఫుల్ ఇన్సూరెన్సు దండగ, ఉత్త థర్డ్ పార్టీ చాలు" అంటారు. 2022 జూన్ నుండి అమలైన రేటు ప్రకారం 1000 నుండి 1500 సి.సి. లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలే గనుక ఆశ పుట్టడం సహజం. కాని ఎదుటివాడి కోసం ఉద్దేశించిన ఆ పాలసీలో, ఊరికే ఎక్కించుకున్న ప్రయాణీకులకు రక్షణ లేదని తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఫుల్ ఇన్సూరెన్సులోనైతే కారులో కూర్చున్నవాళ్ళు కూడా వస్తారని 2012లో బాలకృష్ణన్ కేసులో చెప్పింది. అంటే నొప్పులు పడుతున్న ఆ అమ్మాయి, పక్కన ఆమె తల్లి - మనం సాయం చేద్దామని ఎక్కించుకున్నవాళ్ళే ఆ చౌక పాలసీకి బయట ఉంటారన్న మాట! నా మటుకు నాకు ఇంతకంటె పెద్ద కారణం అక్కర్లేదు. ఫుల్ ఇన్సూరెన్సే ఉండాలి.

మరొక మెలిక కలదు. పాలసీలో యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది యజమాని స్వయంగా నడిపినప్పటి మాట. బదులుగా నడిపే మా నాన్నకు అది వర్తించదు. ఆయన పేర విడిగా ఏదైనా ప్రమాద బీమా ఉండాలి. ఇక నడిపేవారి లైసెన్సు. గడువు తీరాక నెల రోజుల వెసులుబాటు ఒకప్పుడుండేది, 2019 సవరణతో అది పోయింది. లైసెన్సు లేనివాడు నడిపి ప్రమాదం చేస్తే, తరచుగా కోర్టులు బాధితుడికి ముందు కంపెనీని చెల్లించమని, తరువాత యజమాని దగ్గర రాబట్టుకోమని అంటాయి. కాబట్టి తాళంచెవి ఎవరి చేతికి ఇవ్వవచ్చునో ముందే తేల్చుకోవాలి. "వాడు ట్రాక్టరు బాగా తోలతాడు" అన్నది అర్హత కాదు!

పాలసీ గడువు తీరిపోతే కంపెనీవాళ్ళు బండిని చూసిగాని ఫుల్ ఇన్సూరెన్సు ఇవ్వరు. కొత్త పాలసీ వెనకటి తేదీ నుండి వర్తించదు. 90 రోజులు దాటిపోతే ఇన్నేళ్ళు క్లెయిము చేయనందుకు వచ్చిన బోనసు, అనగా సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం దాకా ఉండే తగ్గింపు, మొత్తం పోతుంది.

తరువాత పొల్యూషన్ సర్టిఫికెట్. ఇన్సూరెన్సు ఫోనులో కట్టవచ్చు గాని దీనికి మాత్రం బండి స్వయంగా పోవాలి. కనుక ఇన్సూరెన్సు ముందు, పొల్యూషన్ తరువాత. తిరగేస్తే పరీక్షకు పోయే దారిలోనే పట్టుబడతాం. భారత్ స్టేజ్ నాలుగు, ఆ పైన బండ్లకు సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది, అంతకు ముందువాటికి ఆరు నెలలే. మనవైపు జిల్లాల్లో నాలుగో స్టేజ్ 2017లో గాని తప్పనిసరి కాలేదు గనుక మా కారు ఆరు నెలల తరగతి. పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడు, మండకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు చూస్తారు. ఇక్కడ నా చదువు కొంచెం పనికొచ్చింది. ఈ రెంటినీ కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మార్చేది గొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరు. అందులోని ప్లాటినం జాతి లోహాలు వేడెక్కితేగాని పనిచేయవు. రెండు నెలలు నిద్రపోయిన కారును స్టార్టు చేసి వీధి చివర పరీక్షకు నిలబెడితే ఫెయిలు కావడంలో వింతేమీ లేదు. ఇరవై నిమిషాలు నడిపి, వేడి మీద తీసుకెళ్ళాలి.

అసలు స్టార్టు కావాలి గదా! బ్యాటరీలో సీసం, సీసపు డయాక్సైడు రెండూ వాడకంలో లెడ్ సల్ఫేటుగా మారతాయి. ఛార్జి చేస్తే తిరిగి మామూలవుతాయి. ఛార్జి లేకుండా వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలు కట్టి మొండికేస్తుంది. ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే లాభంకన్న నష్టమే ఎక్కువ. చాలాకాలం కదల్చకపోతే నెగటివ్ తీగ విప్పి ఉంచడం మేలు. ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు. ధాన్యం పక్కన కారు పెట్టినవాడు వైర్లకు ఆశ వదులుకోవాలి. మేము బస్తాలను వేరే గదికి మార్చాం.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే చెల్లుతుంది. మాది 2027లో తీరుతుంది. ఆ గడువుకు ముందు 60 రోజులలోపు ఫారం 25 పెట్టి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారికి చూపించి, ఐదేళ్ళకు పొడిగింపు తెచ్చుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి దీని ఫీజు 600 కాదు, 5,000. గడువు దాటితే నెలకు 500 అదనం. దరఖాస్తు యజమాని పేరనే పోవాలి. వచ్చే సెలవు ఎప్పుడు పెట్టాలో అన్నయ్య ఈ తేదీని చూసుకునే నిర్ణయించుకున్నాడు.

వీటన్నిటినీ కలిపే దారం ఫోన్ నంబరు. ఓటీపీ, ఇన్సూరెన్సు హెచ్చరిక, చలానా - అన్నీ రికార్డులో ఉన్న నంబరుకే వస్తాయి. విదేశం పోయినవాళ్ళు రీచార్జి మానేస్తే ఆ నంబరు పోతుంది, ఆనక ఇంకొకరికి ఇచ్చేస్తారు. చలానాలు ఎవరికో చేరతాయి, మనకు తెలియదు. అన్నయ్య సిమ్ము ఇప్పుడు మా అమ్మ పాత ఫోనులో ఉంది. రీచార్జి మా బాధ్యత. డిజిలాకర్‌లోని కాగితాలు 2018 నుండి చెల్లుతున్నా ఆ ఖాతా అన్నయ్య చేతిలో ఉంది గనుక ఆర్.సి. కార్డు, పాలసీ నకలు, "మా బాబాయి నా అనుమతితో నడుపుతున్నారు" అన్న సంతకం చేసిన ఉత్తరం కారులోనే ఉంచాం. అనుమతి లేకుండా బండి తీసుకుపోవడం 197వ సెక్షను కింద నేరం గనుక ఆ ఉత్తరం చెక్‌పోస్టు దగ్గర మాట పెరగకుండా కాపాడుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, అమ్మేస్తే పోలేదా అంటారు కొందరు. అమ్మవచ్చు. అయితే యజమాని దూరంగా ఉన్నప్పుడు అమ్మకపు ఫారాలు 29, 30 మీద ఖాళీగా సంతకాలు చేసి పంపే అలవాటు ఒకటుంది. డబ్బు ముడుతుంది, బండి పోతుంది, పేరు మాత్రం మారదు. అలా చేతులు మారిన బండి ప్రమాదం చేస్తే, రికార్డులో పేరున్నవాడే యజమాని, పరిహారం అతనిదే అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మదలిస్తే అక్కడి భారత హైకమిషన్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టి, పేరు మారిందని రికార్డులో చూసుకున్నాకనే తాళాలివ్వాలి. అన్నయ్య కూడా పోయిన ఏడాది ఆ రెండు ఫారాలూ సంతకం చేసి ఖాళీగానే పంపించాడు, అవసరానికి ఉంటాయని. నాన్న వాటిని నిలువునా చింపి, ఆ సంగతి ఫోనులో అన్నయ్యకు తానే చెప్పాడు.