దిగులు జబ్బుకు అయస్కాంత చికిత్స

"మెదడుకు అయస్కాంతం పెట్టి దిగులు జబ్బు తగ్గిస్తున్నారట, నిజమేనా డాక్టరు గారూ?" అని ఈమధ్య అడిగేవారు ఎక్కువయ్యారు. నిజమే. కాని అడిగేవారిలో కొందరు దీన్ని మంత్రం అనుకుంటున్నారు, మరికొందరు కరెంటు షాకు అనుకుంటున్నారు. రెండూ కాదు. వారాల తరబడి, రోజూ ఓపికగా చేయించుకోవలసిన వైద్యం ఇది. ఆ సంగతి ముందుగా తెలియక రెండో వారంలోనే మానేసి, "ఇదీ పనిచెయ్యలేదు, ఇక నా జబ్బు తగ్గదు" అని ఇంటిదారి పట్టేవారున్నారు. అసలే నిరాశతో కుంగిపోయిన మనిషికి అది చిన్న దెబ్బ కాదు.

దిగులు జబ్బు అంటే డిప్రెషను. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడో, పరీక్ష తప్పినప్పుడో కలిగే విచారం వేరు. డిప్రెషనులో దిగులు రోజుల తరబడి వదలదు. తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్ళీ నిద్రపట్టదు. అన్నం సయించదు. స్నానానికి లేవడం కూడా కొండ ఎక్కినట్లుంటుంది. "నేనెందుకూ పనికిరాను" అనిపిస్తుంది. దీనికి మొదటి వైద్యం మందుబిళ్ళలు, కౌన్సెలింగు. చాలామందికి వాటితోనే గుణం కనిపిస్తుంది, ఖర్చూ తక్కువ. ఒకటి రెండు రకాల మందులు సరైన మోతాదులో వాడినా తగ్గనివారికి తరువాతి మెట్టు ఈ అయస్కాంత చికిత్స. వాడడమంటే పదిరోజులు మింగి మానెయ్యడం కాదు. డిప్రెషను మందు పూర్తి గుణం చూపడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, తాగుడు అలవాటు వున్నాయేమో చూసుకోకుండా నేరుగా మిషను దగ్గరికి పరుగెత్తడం తొందరపాటే అంటాను.

సైకిలు డైనమో సూత్రమే

పాత సైకిళ్ళకు డైనమో వుండేది జ్ఞాపకముందా? చక్రంతోపాటు అందులోని అయస్కాంతం తిరిగితే తీగచుట్టలో కరెంటు పుట్టి దీపం వెలిగేది. మారుతూ వుండే అయస్కాంత శక్తి దగ్గరున్న తీగలో కరెంటు పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఈ చికిత్సకూ అదే ఆధారం. దీని పూర్తి పేరు ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, వాడుకలో టి.ఎమ్.ఎస్. అంటారు. 8 అంకె ఆకారంలో వున్న తీగచుట్టను తలకు ఆనించి, అందులోకి క్షణంలో వచ్చిపోయే కరెంటు పంపుతారు. దానివల్ల పుట్టిన అయస్కాంత శక్తి పుర్రె ఎముకను దాటి, దాని కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకు మెదడును తాకి, అక్కడి కణాలను ప్రేరేపిస్తుంది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు దీన్ని మొదట చేసి చూపించారు. 2008లో అమెరికాలో డిప్రెషను చికిత్సకు అనుమతి వచ్చింది.

అన్నట్టు, ఎగ్జిబిషన్లలో అమ్మే అయస్కాంతపు కంకణాలకూ, బెల్టులకూ దీనికీ సంబంధం లేదు. కదలని అయస్కాంతం కరెంటు పుట్టించదు. వాటికి పెట్టే డబ్బుతో పళ్ళు కొనుక్కోండి.

కుర్చీలో కూర్చున్నాక

మత్తు ఇవ్వరు, ఆపరేషను గది వుండదు, జుట్టు తియ్యరు. పరగడుపున రానక్కరలేదు, టిఫిను తినే రావచ్చు. గడియారం, సెల్‌ఫోను, జడపిన్నులు, చెవిదిద్దులు తీయించి, పళ్ళ డాక్టరు దగ్గర వుండేలాంటి కుర్చీలో కూర్చోబెడతారు. చప్పుడు గట్టిగా వుంటుంది కనుక చెవుల్లో ప్లగ్గులు పెడతారు.

మొదటిరోజు కొంచెం ఎక్కువసేపు పడుతుంది. చేతిని కదిలించే మెదడు భాగం మీద తీగచుట్ట వుంచి, బొటనవేలు తనంతట తానే ఎగిరేదాకా శక్తిని కొద్దికొద్దిగా పెంచుతారు. అది చూసి చాలామంది కంగారుపడతారు. మీకు ఎంత మోతాదు కావాలో కొలవడమే అది. తరువాత తీగచుట్టను ఎడమవైపు నుదుటికి కాస్త పైకి జరుపుతారు. డిప్రెషనులో మందగించే భాగాల్లో ముఖ్యమైనది అక్కడ వుంది.

ఇక టకటకమని దెబ్బలు మొదలవుతాయి. ఎవరో వేలితో వరసగా మొట్టికాయలు వేస్తున్నట్లుంటుంది. పాత పద్ధతిలో 4 సెకండ్లు దెబ్బలు, 26 సెకండ్లు విరామం. ఇలా 37 నిమిషాలకు పైగా, మొత్తం 3000 దెబ్బలు. కొత్త పద్ధతిలో పని 3 నిమిషాల్లో అయిపోతుంది. ఇది పాతదానికి తీసిపోదని కెనడాలో జరిగిన పెద్ద పరిశోధన 2018లో తేల్చింది. కనుక "మూడు నిమిషాలకే పంపేశారు, మోసం" అనుకోకండి. మామూలుగా వారానికి అయిదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు రావాలి. అయిపోగానే లేచి ఆఫీసుకు పోవచ్చు.

మొదటి వారంలో తలనొప్పి, దెబ్బ పడినచోట నొప్పి, కనురెప్పో దవడో అదరడం మామూలు. పారాసిటమాల్ బిళ్ళతో సర్దుకుంటుంది, రానురాను తగ్గుతుంది. జ్ఞాపకశక్తి పోదు. భయపడవలసినది ఫిట్స్ గురించి. వెయ్యిమందిలో ఒకరికి కూడా రాదు గాని, వచ్చే వీలుంది. రాత్రి నిద్ర లేకపోయినా, మద్యం తాగినా, తాగుతూ వున్నది హఠాత్తుగా మానినా ఆ వీలు పెరుగుతుంది. కనుక రాత్రంతా బస్సులో కూర్చుని పట్నం వచ్చి, కన్ను మూయకుండా నేరుగా కుర్చీ ఎక్కేవారు ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి. వాడే మందులన్నీ చూపించాలి. కొన్ని ఫిట్స్‌కు దారితీస్తాయి.

తలలో ఇనుప ముక్కలు, రక్తనాళాలకు వేసిన క్లిప్పులు, వినికిడి కోసం లోపల అమర్చిన కాక్లియర్ యంత్రం వున్నవారికి ఇది పనికిరాదు. పేస్‌మేకరు వున్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చివున్నా ముందే చెప్పాలి. పళ్ళలో నింపిన సిమెంటుకు భయం లేదు. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా అతిగా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన రోజులుంటే దాచకండి. అలాంటివారిలో దిగులు పోయి ఉద్రేకం బయలుదేరవచ్చు.

గుణం ఎప్పుడు?

మొదటి రెండు వారాలు ఏమీ తెలియకపోవచ్చు. చాలామందికి మూడు, నాలుగు వారాలకు మార్పు మొదలవుతుంది. అదీ ముందు రోగికి కాక ఇంట్లోవారికి కనిపిస్తుంది. "అమ్మ ఇవాళ అడక్కుండానే తల దువ్వుకుంది", "ఆయన పేపరు చేత్తో పట్టుకున్నారు" అంటారు. రోగిని అడిగితే "ఏమీ లేదు, అలాగే వుంది" అంటాడు. అందుకని నిద్ర, తిండి, స్నానం, మాట ఎలా వున్నాయో ఇంట్లో ఒకరు రోజూ రెండు ముక్కలు వ్రాసిపెట్టాలి. మందులకు లొంగనివారిలో స్థూలంగా సగంమందికి చెప్పుకోదగ్గ గుణం కనిపిస్తుంది, మూడోవంతుకు దాదాపు పూర్తిగా తగ్గుతుంది. అంటే మిగిలినవారికి వేరే దారి వెతకాలి. నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ అనే సెంటరుకు నేనైతే వెళ్ళను.

నగలు తాకట్టు పెట్టడానికి ముందు మొత్తం కోర్సుకు ఎంతవుతుందో కాగితం మీద వ్రాయించుకోండి. వూరినుంచి వచ్చేవారు నెలపైన బంధువుల ఇంట్లో వుండే ఏర్పాటు చూసుకోండి. శరీరపు జబ్బులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అయితే రోజూ వచ్చిపోయే చికిత్స మీ పాలసీలోకి వస్తుందో రాదో ముందే అడగండి.

"షాకు ట్రీట్‌మెంటా నాయనా?" అని పెద్దవాళ్ళు గాభరాపడతారు. అది వేరు. అందులో మత్తు ఇచ్చి ఫిట్స్ తెప్పిస్తారు. సినిమాలవల్ల దానికి చెడ్డపేరు వచ్చింది గాని, మంచి చికిత్స. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా చెయ్యడాన్ని 2017 చట్టం నిషేధించింది. అన్నం నీళ్ళు ముట్టనివారికి, లేని మాటలు వినిపించేవారికి, చావు గురించి గట్టిగా ఆలోచించేవారికి టి.ఎమ్.ఎస్. కంటే అదే త్వరగా, బలంగా పనిచేస్తుంది. "చచ్చిపోతాను" అన్న మనిషిని నాలుగు వారాలు ఆగమనకూడదు. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, నిద్రమాత్రలు అందకుండా చేసి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఫోను చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

కోర్సు అయిపోయి మనిషి తేరుకోగానే బిళ్ళలు మానెయ్యడం చాలామంది చేసే పని. డాక్టరు చెప్పేదాకా మానకండి. కొన్ని నెలల తరువాత జబ్బు తిరగబెట్టేవారూ వున్నారు. ఒకసారి గుణం కనిపించినవారికి మళ్ళీ కొన్ని సిట్టింగులు ఇస్తే తరచు పనిచేస్తుంది. తిరగబెట్టేటప్పుడు ముందు చెడేది సాధారణంగా నిద్ర. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చోవడం మళ్ళీ మొదలైతే, వచ్చే నెల చెకప్ వుంది కదా అని ఆగకుండా ఆ వారంలోనే చూపించండి.