బొగ్గు, ఇనుము, ఊక: రాయ్‌పూర్ ఎన్.ఐ.టి.లో ఏం పరిశోధిస్తారు?

విజయనగరంలో రైలెక్కి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పోతే, మహాసముంద్ దాటాక రాయ్‌పూర్ వస్తుంది. 1931లో పూర్తయిన రైలు దారి ఇది. ఉద్యోగాల కోసం వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు రాయ్‌పూర్, భిలాయ్ పట్టణాల్లో ఎందరో ఉన్నారు. ఇప్పుడు చదువుల కోసం వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. రాయ్‌పూర్‌లో గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు పక్కనున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటొచ్చిందంటే మన ఇళ్ళలో సంతోషిస్తాం. ఏ బ్రాంచి అని అడుగుతాం, ఉద్యోగం వస్తుందా అని అడుగుతాం. అక్కడ పరిశోధన ఏం జరుగుతుందని మాత్రం ఎవరూ అడగరు.

గనుల శాఖ నుంచి గణితం దాకా, వాస్తుశిల్పం నుంచి బయోమెడికల్ ఇంజనీరింగ్ దాకా అక్కడ చాలా శాఖలున్నాయి. వాటి జాబితా చదివితే పెద్దగా ఏమీ అర్థం కాదు. ఆ సంస్థ చుట్టూ ఉన్న నేలను చూస్తే ఎక్కువ తెలుస్తుంది.

1956 సెప్టెంబరు 14న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసినప్పుడు దాని పేరు ప్రభుత్వ గనుల, లోహశాస్త్ర కళాశాల. మొదట ఉన్నవి ఆ రెండు శాఖలే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. రాయ్‌పూర్‌కు 30 కిలోమీటర్ల లోపు భిలాయ్‌లో అప్పటి సోవియట్ యూనియన్ సాయంతో ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంటోంది. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో వెలిగింది. దానికి ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనులనుంచి వస్తుంది. ఉత్తరాన కోర్బాలో బొగ్గు. దక్షిణాన బస్తర్‌లోని బైలాడిలా కొండల్లో మేలురకం ఇనుప ఖనిజం. మన విశాఖ ఉక్కు కర్మాగారానికీ ఖనిజం వచ్చేది బైలాడిలా నుంచే. ఆ గనులను నడిపే ఎన్.ఎం.డి.సి. ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. గని తవ్వేవాడు, లోహం కరిగించేవాడు కావలసి వచ్చి పుట్టిన కళాశాల అన్నమాట. తరువాత అది ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల అయింది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2005 డిసెంబరు 1న కళాశాల ఎన్.ఐ.టి. అయింది.

బూడిద ఎంత?

ఇలాంటి చోట పరిశోధన ఎలా విస్తరిస్తుందో చూడాలంటే ఒక్క పదార్థం వెంట నడిస్తే చాలు. బూడిదనే తీసుకుందాం.

మన దేశపు బొగ్గులో ఎక్కువ భాగం గోండ్వానా కాలానిది. కోట్ల ఏళ్ళ కిందట నీటిలో కొట్టుకొచ్చిన చెట్టుచేమలతో పాటు బంకమన్ను, ఇసుక కూడా పేరుకున్నాయి. ఆ మన్ను బొగ్గులో సన్నగా కలిసిపోయింది కాబట్టి కడిగినా పూర్తిగా పోదు. అందుకే విద్యుత్ కేంద్రాలకు వచ్చే బొగ్గులో నూటికి 30 నుంచి 45 పాళ్ళు బూడిదే.

కోర్బాలో ఎన్.టి.పి.సి. వారి థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. ఒక్క రోజు పూర్తి సామర్థ్యంతో నడిస్తే 6 కోట్ల 24 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుందనుకుందాం. రోజుకు 43 వేల టన్నులకు పైనే బొగ్గు కావాలి. అందులో 35 శాతం బూడిద అనుకుంటే 15 వేల టన్నులు! లారీకి 15 టన్నుల చొప్పున వెయ్యి లారీలు. ఇది ఒక్క కేంద్రం ఒక్క రోజు లెక్క. కోర్బాలో ఇంకా కేంద్రాలున్నాయి.

ఈ బూడిదను నీటిలో కలిపి గట్లు కట్టిన చెరువుల్లోకి వదులుతారు. వేసవిలో చెరువు ఎండితే గాలికి లేచి ఊళ్ళమీద పడుతుంది. గట్టు తెగితే ఇంకా ప్రమాదం. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ ప్రాంతంలో బూడిద చెరువు గట్టు తెగి మనుషులు చనిపోయారు. బూడిద ఎక్కడికి పోవాలన్నది పరీక్ష పేపరులో ప్రశ్న మాత్రమే కాదు.

దిమ్మె చేసే పరీక్ష

గనుల శాఖవారికి బూడిద అంటే, బొగ్గు తీసేశాక గనిలో మిగిలే ఖాళీని నింపే పదార్థం. రసాయన శాస్త్రంవారికి అందులోంచి నీటిలోకి దిగే లోహాలు ముఖ్యం. సివిల్ ఇంజనీరు మాత్రం దాన్ని చూడగానే సిమెంటు బస్తాను తలుచుకుంటాడు.

కారణం ఇది. సిమెంటు నీటితో కలిసినప్పుడు కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే బంక తయారవుతుంది. కాంక్రీటుకు బలం దానివల్లే. దానితోపాటు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, కూడా ఏర్పడుతుంది. ఈ సున్నం బలానికి పెద్దగా పనికిరాదు. బూడిదలోని సిలికా ఆ సున్నంతో కలిసి మరికొంత బంకను తయారుచేస్తుంది. పనికిరానిది, పనికిరానిదానితో కలిసి పనికొచ్చేదవుతుంది! అందుకే పొజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలపడానికి మన ప్రమాణాలు అనుమతిస్తాయి.

అయితే ఈ రెండో చర్య నెమ్మది. బూడిద కలిపిన కాంక్రీటు 28 రోజులకు వెనకబడినట్టు కనిపించి, 90 రోజులకు మామూలు కాంక్రీటును అందుకుంటుంది. ఒక్కోసారి దాటిపోతుంది కూడా. కాబట్టి పరిశోధక విద్యార్థి 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోసి, నీటితొట్టిలో ఉంచి, 7, 28, 90 రోజులకు కొన్నింటిని తీసి యంత్రం కింద నలగగొట్టాలి. బూడిద పాలు మార్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి. ఇందులో మెరుపులేమీ ఉండవు. తేదీలు తప్పకుండా రాసిన నోటుపుస్తకం ఉంటుంది, అంతే.

ఇక ఊక సంగతి. ఛత్తీస్‌గఢ్‌ను వరి గిన్నె అంటారు. టన్ను ధాన్యం ఆడిస్తే దాదాపు 200 కిలోల ఊక వస్తుంది. కాలిస్తే అందులో అయిదోవంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 90 శాతం సిలికా! అయితే బొగ్గు బూడిదకన్నా మేలే కదా? ఆగండి. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు జాగ్రత్తగా కాలిస్తేనే సిలికా క్రమంలేని అమరికలో ఉండి సున్నంతో చురుగ్గా కలుస్తుంది. వేడి మితిమీరితే స్ఫటికంగా మారి మొద్దుబారిపోతుంది. రెండు బూడిదలూ కంటికి ఒకేలా కనబడవచ్చు. ఎక్స్‌రేలు పంపి చూస్తే స్ఫటికానిదైతే పదునైన శిఖరాలు, మరొకదానిదైతే మెల్లని గుట్ట గ్రాఫు మీద కనిపిస్తాయి. చూశారా, రైసుమిల్లులో మొదలైన ప్రశ్న కొలిమి తెలిసిన లోహశాస్త్రం గదికీ, ఎక్స్‌రే తెలిసిన భౌతికశాస్త్రం గదికీ వెళ్ళి, సివిల్ విభాగపు నీటితొట్టికి చేరింది.

గనుల శాఖలో పేలుళ్ళు మరో పాఠం. మందు పేల్చినప్పుడు నేల సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో కంపించిందో కొలిచి, ఎంత దూరంలోని ఇంటి గోడకు పగులు రాకుండా ఎంత మందు వాడవచ్చో లెక్కగడతారు. విద్యుత్ శాఖ ప్రశ్న ఇంకోరకం. కరెంటు తీగమీద లోపం తలెత్తితే, అది ఎక్కడో, ఏ రకమో రిలే కొన్ని మిల్లీసెకన్లలో పసిగట్టాలి. దీనికి న్యూరల్ నెట్‌వర్క్‌లను వాడి ఇక్కడివారు చాలా వ్యాసాలే రాశారు. బయోమెడికల్ విభాగంవారు వైద్య చిత్రాలను, మెదడు సంకేతాలను కంప్యూటరు చేత చదివిస్తారు.

ఈ చివరి పనులకు రాయ్‌పూర్ మట్టితో సంబంధం లేదు, ఎక్కడైనా చేయవచ్చు. అది తప్పేమీ కాదు. గణితంవాళ్ళకు ఇనుప ఖనిజం అక్కరలేదు కదా. నాకు కనిపించే ఇబ్బంది వేరు. 2016 నుంచి విద్యాసంస్థలకు జాతీయ ర్యాంకులు ఇస్తున్నారు. అందులో ప్రచురించిన పరిశోధన వ్యాసాలకూ మార్కులుంటాయి. లెక్కలో ఒక వ్యాసం అంటే ఒక వ్యాసమే. ఇదివరకే సేకరించి ఉంచిన సమాచారాన్ని కంప్యూటరుకు ఎక్కించి కొద్దినెలల్లో ఫలితం రాబట్టవచ్చు. దిమ్మెల విషయంలో 90 రోజులను 89 చేయడం ఎవరితరమూ కాదు.

గదికీ బయటికీ మధ్య కూడా దూరముంది. ప్రయోగశాలలో జల్లెడపట్టి, ఆరబెట్టి వాడిన బూడిద ఒకే రకం. విద్యుత్ కేంద్రంలో వచ్చేది బొగ్గును బట్టి, బాయిలరు నడిచిన తీరును బట్టి రోజుకోరకం. కాలని బొగ్గు కొంచెం ఎక్కువైతే కాంక్రీటు తీరే మారిపోతుంది. పైగా రవాణా ఖర్చు! థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీదారులు బూడిద వాడాలని 1999లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. కోర్బా నుంచి రాయ్‌పూర్ సుమారు 200 కిలోమీటర్లు.

ఎం.టెక్. రెండేళ్ళ చదువు. పరిశోధనకు మిగిలేది రెండో ఏడు. పదార్థాలు తెచ్చి, పాళ్ళు తేల్చి, దిమ్మెలు పోసేసరికి అందులో సగం గడుస్తుంది. 90 రోజుల దిమ్మెను నలగగొట్టి ఆ అంకెను పట్టికలో రాసేటప్పటికి సమర్పణ తేదీ ముంచుకొస్తుంది. ఉప్పునీటిలో, ఎండలో ఏడాదిపాటు ఉంచి చూడవలసిన దిమ్మెలు తొట్టిలోనే ఉంటాయి. వాటిమీద సున్నంతో రాసిన తేదీ చెరిగిపోకముందే తరువాతి బ్యాచి విద్యార్థి ఎవరైనా వచ్చి తీయాలి.