ఒకే వైరస్, అందరిలో ఒకేలా ఎందుకు ఉండదు?

హెచ్‌పీవీ అనగానే భయపడతాం గానీ, సోకిన ఆడవాళ్లలో చాలామందికి అది ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలోనే తిష్ట వేస్తుంది. ఎందుకు? వైరస్ ముక్కల్ని సీడీ4 కణాలకు చూపించి పట్టించే ప్రోటీన్లు మనలో ఉంటాయి. వాటిని తయారుచేసే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు అమ్మానాన్నల నుంచి వస్తాయి, మనిషి మనిషికీ తేడా. కొన్ని రకాలు హెచ్‌పీవీని బాగా పట్టిస్తాయి, కొన్ని అంతగా పట్టించవు.

మరి హెచ్‌ఐవీ చంపేది ఆ సీడీ4 కణాలనే! చూపించేవాళ్లున్నా చూసేవాళ్లు తగ్గిపోతారన్నమాట. (ఇది చదివేదాకా ఈ రెండు వైరస్‌లకు లింకు ఉందని నాకూ తెలీదు.) అందుకే హెచ్‌ఐవీతో జీవించే మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు సుమారు 6 రెట్లు ఎక్కువ. జన్యువుల్ని మార్చుకోలేం, పరీక్ష చేయించుకోవచ్చు. మిగతావాళ్లను 30 ఏళ్లకు మొదలుపెట్టమనే డబ్ల్యూహెచ్‌ఓ, వీళ్లను 25కే మొదలుపెట్టమంటోంది.